మెంటర్‌ని ఏమడగాలి?

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆఫీసులో నీకు దారి చూపడానికి ఒక సీనియర్‌ని మెంటర్‌గా ఇచ్చారు గానీ, నెలకోసారి ఆ అరగంటా "అంతా బాగానే ఉంది సార్" అనడంతోనే సరిపోతోందన్నావు. నీకేం కావాలో నువ్వు చెప్పకపోతే ఆయన మాత్రం ఏం చెప్తాడు? "కెరీర్‌లో ఎదగాలంటే ఏం చెయ్యాలి సార్" అని అడిగితే, కష్టపడమ్మా అనే అంటాడు.

ఈసారి మీటింగ్‌కి రెండు రోజుల ముందే చిన్న మెయిల్ పెట్టు. "రిలీజ్ వారం ఆలస్యమవుతుందని క్లయింట్‌కి ఇలా రాశాను, వాళ్లకి కోపం వచ్చింది. మీరైతే ఎలా రాసేవారు?" అని అడిగి, నువ్వు రాసింది కింద పెట్టు. అప్పుడు చూడు, అరగంట చాలదు.

అసలు పని ఆ తర్వాతే. ఆయన చెప్పింది చేశాక ఏమైందో రెండు ముక్కల్లో చెప్పు. చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో చెప్పు, నొచ్చుకోడులే. నేను సర్వీసులో ఉన్నప్పుడు సలహా అడిగినవాళ్లు బోలెడుమంది. ఆ తర్వాత ఏమైందో వచ్చి చెప్పినవాళ్లు చాలా తక్కువ. మళ్లీ టైమ్ ఇవ్వాలనిపించింది వాళ్లకే. (ముక్కూమొహం తెలియనివాళ్లు లింక్డ్‌ఇన్‌లో "మేడమ్, నాకు మెంటర్‌గా ఉంటారా" అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఏమని జవాబివ్వను?)

మీ మేనేజర్ ఎంత మంచావిడైనా అన్నీ ఆవిడకే చెప్పుకోకు. రేటింగ్ ఇచ్చే మనిషి ముందు "నాకిది రాదు" అనడానికి ఎవరికైనా నోరు రాదు. అలాగని ఆవిడ మీద చాడీలు మెంటర్‌కి మోయకు. ఒకే కంపెనీ, ఇద్దరూ ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతారు.

ప్రమోషన్ల సంగతి వేరు. ఆ లిస్టు తేల్చే గదిలో నువ్వుండవు. నీ పేరెత్తే మనిషి ఒకరుండాలి, స్పాన్సర్ అంటారే, అలాంటివాళ్లు. "నా గురించి చెప్పండి" అని అడిగితే మొహమాటానికి తలూపుతారంతే. నీ పని కళ్లారా చూసినవాళ్లే గట్టిగా మాట్లాడతారు. అందుకని డెమో ఇచ్చే ఛాన్స్ అడుగు. పైవాళ్లు ఆఫీసుకొచ్చే రోజు నువ్వూ గచ్చిబౌలి వెళ్లు, మిగతా రోజులు ఇంటి నుంచి చేసుకున్నా ఫర్వాలేదు.

నీ దగ్గరా వాళ్లకి పనికొచ్చేది ఉంది. 1999లో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్, ఇంటర్నెట్ వాడకం కుర్రాళ్ల దగ్గర నేర్చుకోమని తన పెద్ద ఆఫీసర్లకి చెప్పాడు. ఇప్పుడు ఏఐ టూల్స్ విషయంలో మీ మెంటర్‌కీ అలాంటి అవసరమే ఉండొచ్చు, అడగడానికి మొహమాటపడుతుండొచ్చు. పాఠం చెప్తున్నట్టు కాకుండా "నేనిలా వాడుతున్నాను సార్" అని స్క్రీన్ చూపించు.

రాత్రిపూట పనితో సంబంధం లేని మెసేజ్‌లు మొదలైతే మాత్రం మొహమాటపడకు. వెంటనే హెచ్‌ఆర్‌కి చెప్పి మెంటర్‌ని మార్పించుకో.

ఇక ఆ బెంగళూరు ఆఫర్ గురించి నన్నడగకు. నువ్వు హైదరాబాద్‌లోనే ఉండాలని నాకుంటుంది, సలహాలో ఆ స్వార్థం దూరిపోతుంది. అక్కడికి మారిన మీ సీనియర్లు ఎవరైనా ఉంటే, ఇంటద్దె పోగా చేతిలో ఎంత మిగులుతోందో వాళ్లనడుగు.

ఇట్లు,
పెద్దమ్మ