పైరసీ సినిమాలకు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లే కాపలా కాయాలా? కడప నుంచి ఒక కేబుల్ ఆపరేటర్ జవాబు

దొంగ సినిమా ఏ ఇంటికి చేరినా ఇంటర్నెట్ తీగ మీదుగానే చేరుతుంది కనుక, ఆ తీగ నడిపేవాళ్లే దాన్ని పట్టుకొని, చూసేవారి కనెక్షన్ తీసేయాలి కదా అన్నది మీ ప్రశ్న. నేను కడపలో ఎర్రముక్కపల్లె వైపు ఆరేడు వందల ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే ఫ్రాంచైజీ నడుపుతున్నాను. అంతకు ముందు పదిహేనేళ్లకు పైగా టీవీ కేబుల్ నడిపాను. కోర్టు ఆపమన్న సైటును ఆపడం మా బాధ్యతే. ఎవరు దొంగో తేల్చి శిక్ష వేయడం మాత్రం మా పని కాదు, మా చేతికి ఆ పని ఇవ్వనూ కూడదు. ఒకసారి నా చేతికి ఇచ్చారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కాకుండా, నా పాత తప్పు ముందే ఒప్పుకుంటాను. కేబుల్ రోజుల్లో లోకల్ చానల్ అని ఒకటి ఉండేది. శనివారం రాత్రి అందులో కొత్త సినిమా సీడీ వేయకపోతే, నెలకు వంద రూపాయలు కట్టే ఇంటివాళ్లు ‘పక్క వీధి ఆపరేటరు వేస్తున్నాడు, నువ్వెందుకు వేయవు’ అని అడిగేవారు. నేనూ వేశాను. థియేటర్‌లో కెమెరాతో తీసిన ఆ ప్రింట్లలో తెరకు అడ్డంగా ఎవరో లేచి వెళ్తున్న తలకాయలు కనిపించేవి, ఈలలు వినిపించేవి. అయినా జనం చూసేవారు. డిస్ట్రిబ్యూటరు మనుషులు పోలీసులను వెంటబెట్టుకొని ఒక రాత్రి మా కంట్రోల్ రూముకు వచ్చి ప్లేయరు పట్టుకుపోయారు. అప్పుడు నేను నోరెత్తలేదు, ఎత్తడానికి ఏమీ లేదు కూడా: సీడీ నాది, మీట నొక్కింది నేను. ఆ నేరానికీ, ఇప్పుడు నా తీగ మీద నాకు తెలియకుండా ఎవరో చేసేదానికీ ఉన్న తేడా అక్కడే ఉంది.

పైరసీ వల్ల నష్టం లేదని వాదించేవారితో నేను ఏకీభవించను. మన రాయలసీమ పాత నాలుగు జిల్లాలను సినిమా వ్యాపారంలో నేటికీ ‘సీడెడ్’ అనే పిలుస్తారు. 1800లో నిజాం కుంపిణీకి దత్తం చేసిన ప్రాంతమన్న పాత పేరు అది. ఆ సీడెడ్ హక్కులను అప్పు తెచ్చి కొని, మొదటి మూడు రోజుల వసూళ్ల మీదే ప్రాణం పెట్టుకున్నవారిని నేను దగ్గరగా చూశాను. మా మేనమామ ప్రొద్దుటూరులో ఒక థియేటర్‌లో చాలా ఏళ్లు బుకింగ్‌లో కూర్చున్నాడు. శుక్రవారం సాయంత్రానికే ఫోన్లలో సినిమా తిరుగుతోందని తెలిసిన రోజున ఆయన ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తుంది. కాబట్టి పైరసీని అడ్డుకోవాలా అన్నది నా దృష్టిలో ప్రశ్నే కాదు. ఎవరి చేత, ఏ ఆధారంతో, పొరపాటు జరిగితే ఎవరి ఖర్చుతో అన్నవే ప్రశ్నలు.

కొన్నేళ్ల కిందట, మాకు బ్యాండ్‌విడ్త్ ఇచ్చే పై సంస్థ నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఫలానా ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి, ఫలానా తేదీన, 15 గంటల 40 నిమిషాలకు ఒక సినిమాను టొరెంట్‌లో, అంటే చూసేవాళ్లే ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరికి ఫైలు పంచుకునే పద్ధతిలో, పంచుతున్నారని ఒక వినోద సంస్థ తరఫువారు ఫిర్యాదు చేశారనీ, రెండు రోజుల్లో ఆ కస్టమరును గుర్తించి కనెక్షన్ ఆపి తెలియజేయాలనీ, లేకపోతే ఫ్రాంచైజీ ఒప్పందాన్ని మళ్లీ చూడాల్సి వస్తుందనీ దాని సారాంశం. చదవగానే నాకు భయం వేసిన మాట నిజం. ఐపీ అడ్రసు ఉంది కదా, ఇల్లు దొరకడం ఎంతసేపు అని బయటివారికి అనిపిస్తుంది. ఐపీవీ4 అనే పాత పద్ధతి అడ్రసులు చాలినన్ని లేవు కనుక, మాలాంటి చిన్న నెట్‌వర్కులలో ఒకే పబ్లిక్ అడ్రసును పదుల ఇళ్లు పంచుకుంటాయి. దీన్ని సీజీనాట్ అంటారు. ఒక అపార్టుమెంటుకు ఒకే డోర్ నంబరు ఉండి, లోపల ఫ్లాటు నంబర్లు వేరుగా ఉన్నట్టన్నమాట. ఆ ఫ్లాటు నంబరు లాంటిదే పోర్టు నంబరు. మెయిల్‌లో అది లేదు.

ఏ సమయానికి ఏ కనెక్షన్ ఏ అడ్రసు వాడిందో రాసి ఉండే లాగ్ తెప్పించుకొని చూస్తే, ఆ రోజు మధ్యాహ్నం 3.40కి ఆ అడ్రసు వెనక నలభైకి పైగా కనెక్షన్లు ఉన్నాయి. అందులో ఒక్కదాని అప్‌లోడు మిగతావాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. టొరెంట్‌లో పంచడమంటే అప్‌లోడే కనుక ‘దొరికాడు’ అనుకున్నాను. అది ఒక ఫోటో స్టూడియో. ముందు వైపు జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా చేస్తాడు. మరుసటి ఉదయం ఆఫీసులో కూర్చొనే అతని ఓఎన్‌యూను (ఫైబర్ తీగ చివర అంగడిలో ఉండే పెట్టెను) డిసేబుల్ చేశాను. అరగంటకు ఫోన్ వచ్చింది. ‘అన్నా, నెట్టు పోయింది, ఎర్ర లైటు వెలగడంల్యా, అన్నీ బాగనే ఉండాయి. ఈ పొద్దే ఇంజినీరింగ్ ఆప్షన్లకు ఆకరి రోజు, పిల్లోల్లు బయట నిలబడుండారు’ అన్నాడు. నేను కారణం చెప్పకుండా, పైనుంచి సమస్య ఉందని అబద్ధం చెప్పాను. సాయంత్రం నేనే వెళ్లాను. అంగడి ముందు ఎవరూ లేరు. పొద్దున నిలబడిన పిల్లలంతా వేరే చోటికి వెళ్లిపోయారు. అతను బల్ల మీద ఫోన్ పెట్టి, హాట్‌స్పాట్‌తో ఒక పెళ్లి ఆల్బం ఫోటోలను విజయవాడలోని ప్రింటింగ్ ల్యాబుకు పంపుతున్నాడు. తెర మీద ఆ అప్‌లోడు గీత ఒక్కో శాతమే కదులుతోంది. అది చూశాక గాని, నేను లాగ్‌లో చూసిన అప్‌లోడు ఏమిటో నాకు తట్టలేదు.

ఇంటికి వచ్చి మెయిల్ మళ్లీ చదివాను. 15.40 పక్కన యూటీసీ అని మూడక్షరాలు ఉన్నాయి, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, వాళ్లు చెప్పిన సమయం రాత్రి 9.10. అంటే నేను చూసిన లాగే వేరు, పట్టుకున్న మనిషే వేరు. రాత్రి 9.10 నాటి జాబితాలో కూడా ముప్పైకి పైగా ఇళ్లున్నాయి, పోర్టు నంబరు లేదు కనుక అసలు మనిషి ఎవరో ఈనాటికీ తేలలేదు. అతనికి నిజం చెప్పి, రెండు నెలల బిల్లు తీసుకోకుండా వదిలేశాను. అతను తిట్టలేదు గాని, ‘ముందు ఒక మాట అడిగింటే సరిపోయేది కదన్నా’ అన్నాడు. ఫిర్యాదు చేసినవారికి గాని, పై సంస్థకు గాని ఈ పొరపాటు వల్ల ఒక్క రూపాయి నష్టం రాలేదు. తప్పు చదివింది నేనే, ఒప్పుకుంటాను. కానీ తప్పు చదివేవాడి చేతిలో ఆ మీట పెట్టిందెవరు?

ఇక చట్టం సంగతి. మన ఐటీ చట్టం, 2000 లోని 79వ సెక్షన్, తన మీదుగా పోయే సమాచారానికి మధ్యవర్తిని, అంటే మాలాంటి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లను, కొన్ని షరతులతో బాధ్యుణ్ణి చేయదు. ‘తెలిసి కూడా ఊరుకున్నాడు’ అన్న మాటకు, కోర్టు ఉత్తర్వు గాని ప్రభుత్వ ఆదేశం గాని అందడమే కొలత అని 2015లో శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీం కోర్టు చెప్పింది. కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్‌లో 2012 సవరణ చేర్చిన నిబంధనలు ఇంకా వివరంగా ఉన్నాయి: సమాచారం ప్రసారమవుతున్నప్పుడు సాంకేతికంగా తాత్కాలికంగా నిలిచే నకలు ఉల్లంఘన కాదు, లింకులు ఇవ్వడానికో, అందుబాటు కల్పించడానికో అలా నకలు నిలిచే చోట హక్కుదారు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఆ అందుబాటును 21 రోజులు ఆపాలి, ఆ లోపు ఆయన కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి తెరవవచ్చు. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే ఫిర్యాదు చేసినవాడు కూడా కోర్టు మెట్లు ఎక్కాలి. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం దొంగతనంగా రికార్డు చేసినవారికి, ప్రదర్శించినవారికి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, మూడు లక్షలకు తగ్గకుండా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం నియమించిన నోడల్ అధికారులకు ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో తీసివేత ఆదేశాలు వెళ్లే ఏర్పాటూ వచ్చింది. వీటిలో ఎక్కడా కేబుల్ ఆపరేటరు తనంతట తాను ఇల్లు పసిగట్టి తీగ కోయాలని లేదు.

సైట్లను మూసేయడం కూడా జాగ్రత్తగా చేయాల్సిన పనే. 2012లో ‘3’, ‘దమ్ము’ సినిమాల కోసం మద్రాసు హైకోర్టు ఉత్తర్వు ఇస్తే, ఇంటర్నెట్ సంస్థలు భయంతో విమియో, డైలీమోషన్ వంటి సైట్లను మొత్తంగా మూసేశాయి. ఆ సినిమాలున్న నిర్దిష్ట లింకులనే ఆపాలని జూన్‌లో కోర్టు స్పష్టం చేయాల్సి వచ్చింది. బాధ్యత మన మీద పడుతుందంటే ఏ సంస్థ అయినా గడ్డివామునంతా తగలబెడుతుంది, సూది కోసం వెతకదు. పైగా ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ సమాచారాన్ని తాళం వేసి పంపే హెచ్‌టీటీపీఎస్‌లోకి మారాయి. మాకు సైటు పేరు కనబడుతుంది గాని లోపల ఏ పేజీ చూస్తున్నారో కనబడదు. కాబట్టి ఒక్క లింకును ఆపమంటే మా వల్ల కాదు, సైటునంతా ఆపాలి. టెలిగ్రాంలో తిరిగే ఫైలైతే అసలే కనబడదు. ఒక పేరు మూస్తే మరో పేరుతో తెరిచేవారి కోసం 2019లో ఢిల్లీ హైకోర్టు ‘డైనమిక్’ ఉత్తర్వుల పద్ధతి తెచ్చింది. అదే సైటుకు నకలుగా కొత్త అద్దం (మిర్రర్) సైటు వచ్చినప్పుడల్లా మొదటినుంచి దావా వేయనక్కర లేకుండా దాన్నీ జాబితాలో చేర్చవచ్చు. ఇది నాకు సమ్మతమే. సైటు పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్‌ను మార్చుకొని ఈ అడ్డును దాటేసే కుర్రాళ్లు మా వీధిలోనే పదిమంది ఉన్నారన్నది వేరే మాట.

విదేశాల్లోనూ మా చేత పోలీసు పని చేయించి చూశారు. ఫ్రాన్స్ 2009లో హదోపీ పేరుతో, మూడుసార్లు దొరికితే కనెక్షన్ తీసేసే చట్టం తెచ్చి, 2013లో ఆ తీసివేత శిక్షను తనే రద్దు చేసుకుంది. అమెరికాలో పెద్ద సంస్థలు కలిసి నడిపిన ఆరు హెచ్చరికల పద్ధతి 2013లో మొదలై 2017లో ఆగిపోయింది. అక్కడే కాక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద సంగీత కంపెనీలకు 2019లో జ్యూరీ వంద కోట్ల డాలర్ల పరిహారం ఇప్పించింది. 2024లో అప్పీలు కోర్టు ఆ మొత్తాన్ని కొట్టివేసింది. ఆ అంకె మా ఊరి ఆపరేటరు మీద పడితే ఏమవుతుందో లెక్క వేయడం కూడా అనవసరం. వాడు మరుసటి రోజు ప్రతి ఫిర్యాదుకూ ఒక ఇంటి తీగ కోస్తాడు.

అసలు దొంగ ఎక్కడున్నాడో వెతకడంలో మనవాళ్లకు మంచి అనుభవమే ఉంది. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే బయటికి వచ్చినప్పుడు, పోలీసులు కృష్ణా జిల్లా పెడనలోని సీడీల అంగడి నుంచి ఒక్కొక్క చేయీ వెనక్కి వెళ్లి, సినిమాకు పనిచేసినవారి దగ్గరికే చేరారు. 2025 నవంబరులో ఐబొమ్మ నిర్వాహకుడన్న అభియోగంతో ఒకరిని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. రెండు చోట్లా పని చేసింది దర్యాప్తే గాని, చూసేవారి ఇళ్లకు తీగ కోయడం కాదు. ఇంటర్నెట్ ఇచ్చేవాడు సినిమావాళ్లకు ఉపయోగపడే మార్గం మరొకటీ ఉంది: 2023లో ఏపీ ఫైబర్‌నెట్ కొత్త సినిమాను విడుదల రోజునే ఇంట్లో డబ్బు కట్టి చూసే ఏర్పాటును విశాఖలో ప్రారంభించింది. నాకు లాఠీ ఇచ్చే బదులు టికెట్ల పుస్తకం ఇస్తే సంతోషంగా అమ్ముతాను.

ఇప్పుడు నోటీసు వస్తే నేను మూడు అడుగుతూ తిరుగు మెయిల్ రాస్తాను: పోర్టు నంబరు, ఏ దేశపు గడియారమో తెలిపే సమయం, కోర్టు లేదా అధికార సంస్థ ఉత్తర్వు నకలు. లైసెన్సు నిబంధనల ప్రకారం లాగ్‌లు రెండేళ్లు భద్రపరచాలి, వాటిని పై సంస్థ భద్రపరుస్తుంది. ఉత్తర్వు ఉంటే పోలీసులకు అదే రోజు అందేలా చూస్తాను. ఇలా రాసిన మెయిళ్లలో చాలావాటికి జవాబే రాలేదు. ఆ స్టూడియో అతను మాత్రం ఇప్పటికీ నా దగ్గరే కనెక్షన్ పెట్టుకున్నాడు, కానీ పక్కన ఇంకో కంపెనీ డోంగిల్ కూడా ఒకటి కొని పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.