పెంపుడు నేస్తాలు: లాబ్రడారా, గోల్డెన్ రిట్రీవరా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేము విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాము. లిఫ్టు ఉంది. నేను, నా భర్త ఇద్దరం ఉద్యోగస్తులం. నేనూ పిల్లలూ సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరతాము, ఆయన వచ్చేసరికి ఎనిమిది అవుతుంది. పాపకు 11 ఏళ్లు, బాబుకు 6 ఏళ్లు. 68 ఏళ్ల మా అత్తగారు పగలంతా ఇంట్లోనే ఉంటారు. గత ఏడాది ఆవిడకు మోకాలి చిప్ప మార్పిడి జరిగింది. మా ఇంట్లో మాంసం వండము, గుడ్డుకు అభ్యంతరం లేదు. పిల్లలు గోల్డెన్ రిట్రీవర్ పిల్ల కావాలని పట్టుబడుతుంటే, మా వారు లాబ్రడార్ అయితేనే మన ఎండలకు తట్టుకుంటుందని అంటున్నారు. దేనిని ఎంచుకోమంటారు? ఆడదా, మగదా? రంగును బట్టి స్వభావం మారుతుందన్న మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నా ఆలోచన మొదట మీ అత్తగారి మోకాలి మీదికే వెళ్లింది. పగలు ఏడెనిమిది గంటలపాటు ఆ కుక్కకు తోడుగా ఉండేది ఆవిడే కాబట్టి, పిల్లల ముచ్చట ఎంత ముఖ్యమో ఆవిడ సౌకర్యం అంతకంటే ముఖ్యమని భావించి ఈ జవాబు రాస్తున్నాను.

వేటగాడు కొట్టిన పక్షి నీటిలోనో తుప్పల్లోనో పడినప్పుడు, దానిని పన్ను దిగకుండా నోట కరచుకొని తెచ్చి యజమాని చేతికి అందించడం కోసం పెంచిన కుక్కలు కనుక వీటికి రిట్రీవర్లని పేరు వచ్చింది. లాబ్రడార్ పూర్వీకులు కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్ల పడవల వెంట గడ్డకట్టే చలినీటిలో ఈదినవి. గోల్డెన్ వంశం 1868లో స్కాట్లాండ్ కొండల్లో, తరువాతి కాలంలో లార్డ్ ట్వీడ్‌మౌత్ అయిన భూస్వామి తన ఎస్టేటులోని నూస్ అనే పసుపు వన్నె మగ కుక్కను బెల్ అనే నీటి స్పానియల్‌తో జతకట్టించడంతో మొదలైంది. రేపు మీ ఇంట్లో మీరు చూడబోయే అలవాట్లన్నీ ఆ పుట్టుకలోనే ఉన్నాయి. బాబు చెప్పు, పాప రిబ్బను, అత్తగారి చేతికర్ర, ఏది దొరికితే అది నోట పట్టుకొని ఇల్లంతా తిరుగుతుంది, అది దొంగబుద్ధి కాదు. రోజంతా నీటిలో, బురదలో పరుగులు తీయడానికి పెరిగిన ఒళ్లు కనుక, ఉదయం ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట నడక లేకపోతే ఆ శక్తి మీ సోఫాల మీద, తలుపుల మీద ఖర్చవుతుంది.

ఎండ విషయంలో మీ వారు చెప్పినదానిలో సగమే నిజం. పైన నీరు అంటని వెంట్రుక, అడుగున మెత్తని నూగు, ఇలా రెండు పొరల బొచ్చు రెండు జాతులకూ ఉంది. కుక్కకు మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ, నోటిలోని తడి ఆవిరి కావడం ద్వారానే అది ప్రధానంగా వేడిని వదిలించుకుంటుంది. కృష్ణా తీరపు ఉక్కపోతలో ఆ తడి తొందరగా ఆరదు కాబట్టి, 45 డిగ్రీల ఎండలోనే కాదు, 36 డిగ్రీల ఉక్కలో ఆడినా దానికి వడదెబ్బ తగలవచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఉదయం ఆరులోపు, రాత్రి ఎనిమిది తరువాత మాత్రమే నడిపించాలి. అప్పుడు కూడా అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి, మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుందని గ్రహించి వెనక్కి తిరగాలి. రొప్పు ఆగకుండా, చిగుళ్లు ఎర్రబడి, నడక తూలుతూ ఉంటే వెంటనే ఒళ్లంతా కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరండి. ముందు చల్లబరచడం, తరువాత తరలించడం అన్న ఈ వరుస ప్రాణం నిలబెడుతుంది.

మరి తేడా ఎక్కడ ఉందంటే, గోల్డెన్‌కు వెంట్రుక పొడవు, కాళ్ల వెనుక, తోక కింద కుచ్చులు ఉంటాయి. రోజు విడిచి రోజు పావుగంటకు తక్కువ కాకుండా దువ్వకపోతే అవి చిక్కులు పడి, లోపల చర్మం చెమ్మగిల్లి పుండ్లు పడుతుంది. మన ప్రాంతంలో కుక్కలను ఎక్కువగా బాధించే పిడుదులు, కొందరు గోమార్లని పిలిచేవి, ఆ పొడవాటి బొచ్చులో రోజుల తరబడి కంటపడకుండా దాగుతాయి. వాటి ద్వారా వచ్చే ఎర్లీషియా జ్వరంలో రక్తంలోని ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి రక్తం కారే స్థితికి వచ్చిన గోల్డెన్లకు నేను ఎన్నోసార్లు వైద్యం చేశాను. లాబ్రడార్ పొట్టి బొచ్చులో పిడుదు వేలికి తగులుతుంది. అయితే లాబ్రడార్ వెంట్రుకలు రాల్చదనుకోకండి, ఏడాది పొడవునా రాలుస్తుంది. స్వభావంలో గోల్డెన్ కాస్త సున్నితమైనది, గట్టిగా కసిరితే రోజంతా ముడుచుకుంటుంది. లాబ్రడార్ మొదటి రెండు మూడేళ్లు దూకుడుగా ఉంటుంది, తిండి కనబడితే ఆగదు. గోల్డెన్లలో క్యాన్సర్ ఎక్కువగా కనబడటానికి కారణాలు వెతకడానికి అమెరికాలో 2012 నుంచి 3,000కు పైగా కుక్కలను జీవితాంతం గమనించే అధ్యయనం సాగుతోంది. తుంటి కీళ్లు వదులయ్యే జబ్బు రెండు జాతుల్లోనూ ఉంది.

ఇవన్నీ చూసి మీ ఇంటికి లాబ్రడార్‌నే సూచిస్తున్నాను. కానీ పిల్లను తీసుకోవద్దు. మూడు నాలుగేళ్లు నిండి, దూకుడు తగ్గిన పెద్ద కుక్కను తెచ్చుకోండి. పిల్లలకు ఈ మాట నచ్చదని తెలుసు. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి మూత్రం పోస్తుంది. ప్రతిసారీ వంగి తుడవవలసింది, తడి టైల్స్ మీద కాలు జారకుండా చూసుకోవలసింది మీ అత్తగారే. పాలపళ్లు సూదుల్లా ఉండి, ఆటలో ఆరేళ్ల బాబు చేతులు గీరుకుపోతాయి. ఎనిమిది నెలలు వచ్చేసరికి అది పాతిక కిలోల బరువుతో, ఇంకా పసితనం పోని మనసుతో, తలుపు తీసిన మనిషి మీదికి ప్రేమగా ఎగురుతుంది. కొత్త మోకాలు పెట్టించుకున్న పెద్దామెకు ఆ ప్రేమ ఒక్కసారి తగిలినా చాలా నష్టం జరుగుతుంది. ఎదిగిన కుక్క అయితే స్వభావం ముందే తెలుస్తుంది, మధ్యాహ్నమంతా ఆవిడ మంచం పక్కన పడుకుంటుంది.

అలాంటి కుక్కలు దొరకడం కష్టమేమీ కాదు. పిల్లల దగ్గరికి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోతూ, ప్రాణంగా పెంచుకున్న కుక్కను మంచి ఇంట్లో అప్పగించాలని కన్నీళ్లతో నా దగ్గరికి వచ్చిన దంపతులు చాలామందే ఉన్నారు. మీ ఊరి పశువైద్యులకు, జంతు సంరక్షకులకు చెప్పి ఉంచండి. కుక్కను ఒక్కసారి చూసి నిర్ణయించుకోకుండా, వేర్వేరు వేళల్లో రెండు సార్లు వెళ్లండి. బాబు బిస్కెట్టు తింటున్నప్పుడు అది ఏం చేస్తుందో, గిన్నెలో తింటున్నప్పుడు యజమాని దగ్గరికి వస్తే గుర్రుమంటుందో లేదో, లిఫ్టు ఎక్కడానికి భయపడుతుందో చూడండి. తుంటి ఎక్స్‌రే, పిడుదు జ్వరాలకు రక్తపరీక్ష చేయించండి. ఇంటికి తెచ్చాక మొదటి వారం సరిగా తినకపోయినా, తలుపు దగ్గరే కూర్చున్నా కంగారు పడకండి. పాత మనుషుల కోసం ఎదురుచూసే ఆ రోజులను అది దాటనివ్వండి.

శాకాహారపు ఇంట్లో కుక్క పెరగదా అన్న అనుమానం మీ ఉత్తరంలో కనబడుతోంది. గుడ్డుకు అభ్యంతరం లేదన్నారు కాబట్టి సమస్య లేదు. కాని రెండు పూటలా పెరుగన్నం మాత్రమే పెడితే బరువు పెరుగుతుంది, కండరం పెరగదు. సమతూకంగా తయారైన పొడి ఆహారం రోజుకు 300 నుంచి 400 గ్రాముల వరకు, రెండు పూటలుగా కొలిచి పెట్టి, దానిపై ఉడికించిన గుడ్డు, ఉప్పు వేయని కూరగాయ ముక్కలు కలపవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. వేసవిలో మామిడి టెంకలను మూతలేని చెత్తబుట్టలో వేయకండి. లాబ్రడార్ మింగిన టెంక పేగులో ఇరుక్కుంటే కడుపు కోసి తీయవలసి వస్తుంది.

కొలత గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒక వంతుకు ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో లోపం ఉంది, అంటే తిన్నా తృప్తి తెలియని కుక్కలవి. మీ అత్తగారి వైపు అది దీనంగా చూసినప్పుడల్లా ఆవిడ ఒక చపాతీ ముక్క పెడితే ఏడాదిలో ఏడెనిమిది కిలోలు పెరగవచ్చు. 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో వెలువరించిన మరో అధ్యయనంలో, తోడబుట్టిన వాటికంటే పాతిక శాతం తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. పక్కటెముకలు కంటికి కనబడకుండా, చేతితో నిమిరితే తెలిసేలా ఉంటే ఆ బరువు సరైనది.

ఆడ కుక్క 25 నుంచి 32 కిలోలు, మగది 29 నుంచి 36 కిలోలు తూగుతుంది. గొలుసు పట్టుకునేది 11 ఏళ్ల పాప కూడా కాబట్టి, గర్భసంచి తీయించిన ఆడ కుక్క మీకు సులువు. రంగుకు స్వభావంతో సంబంధం లేదు, ఒకే ఈతలో నలుపు, పసుపు, చాక్లెట్ రంగు పిల్లలు పుట్టవచ్చు. అయితే బ్రిటన్‌లోని లాబ్రడార్ల వైద్య రికార్డులను పరిశీలించిన 2018 నాటి అధ్యయనంలో చాక్లెట్ రంగువాటి మధ్యస్థ ఆయుష్షు 10.7 ఏళ్లుగా, మిగతా రంగులవాటిది 12.1 ఏళ్లుగా తేలింది. చెవి, చర్మ వ్యాధులు కూడా చాక్లెట్ వాటికే ఎక్కువ. ఆ రంగు కోసం కొద్దిపాటి కుక్కల మధ్యనే సంతతిని తీయడం దీనికి ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు.

ప్రశ్న: ఒక అమ్మకందారు 30 రోజుల లాబ్రడార్ పిల్ల ఫోటోలు పంపి, ఇది డబుల్ బోన్ అని, పేపర్లు ఉన్నాయని, చిన్నప్పుడే తీసుకుంటే బాగా మచ్చిక అవుతుందని చెబుతున్నాడు. తల్లి వేరే ఊళ్లో ఉందట. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తీసుకోకండి. రెండు నెలలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఆ నిబంధనకు బలమైన కారణం ఉంది. మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఆడుకుంటూనే, ఎంత గట్టిగా కొరికితే ఎదుటి ప్రాణికి నొప్పి కలుగుతుందో పిల్ల నేర్చుకుంటుంది. నెల రోజులకే విడదీసిన పిల్లలు పెద్దయ్యాక మనుషుల చేతులు కొరకడం నేను తరచుగా చూశాను.

రెండో ప్రమాదం పార్వో, అంటే కుక్కపిల్లలకు రక్తపు విరేచనాలు కలిగించి ప్రాణం తీయగల వైరస్ జబ్బు. కొన్నేళ్ల క్రితం ఒక కుటుంబం ఇలాగే నలభై రోజుల పిల్లను శుక్రవారం సాయంత్రం కొని, ఆదివారం రాత్రి రక్తపు విరేచనాలతో నా దగ్గరికి తెచ్చారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించినా అది దక్కలేదు. పేరు పెట్టి ఇంకా నాలుగు రోజులు కాలేదని ఆ ఇంటి పాప ఏడ్చిన ఏడుపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి, మరో పిల్లను తేవద్దని కూడా వారికి నేనే చెప్పవలసి వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేసి, 16 వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. రేబీస్ టీకా మూడు నెలలకు వేయించాలి.

డబుల్ బోన్, అంటే ఎముక లావుగా ఉన్న పిల్ల అనేది, అమ్మేవాళ్ల మాటే తప్ప వైద్యంలో అలాంటిది లేదు. ఎముక లావు కావాలని కాల్షియం సిరప్ తాగిస్తే, పెద్ద జాతి పిల్లల్లో ఎముకల ఎదుగుదల దెబ్బతింటుంది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం వంశాన్ని మాత్రమే చెబుతుంది, ఆరోగ్యానికి పూచీ ఇవ్వదు. పత్రంలోని మైక్రోచిప్ సంఖ్య, కుక్క ఒంటిలోని చిప్ సంఖ్య ఒకటేనా అని రీడరుతో చూడమనండి. అన్నిటికంటే ముందు తల్లిని చూడాలి. తల్లి కొత్తవారిని చూసి వణికినా, ఎముకలు బయటపడి నీరసంగా ఉన్నా, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపించకపోయినా, పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వెనక్కి రావడమే మేలు.

ప్రశ్న: మా గోల్డెన్ రిట్రీవర్‌కు వేసవిలో బొచ్చు మొత్తం గొరిగించమని అందరూ చెబుతున్నారు. చల్లగా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉండదు. పై వెంట్రుక ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వదు. దానిని గొరిగేస్తే చర్మం కమిలిపోతుంది, కొన్ని కుక్కలకు మళ్లీ మునుపటిలా మొలవదు కూడా. గాలి ఆడకుండా చేసేది అడుగున ఊడి ఇరుక్కుపోయిన నూగు కాబట్టి, దానిని తగిన దువ్వెనతో తీసేయండి. పాదాల అడుగున, తోక కింద వెంట్రుకలు మాత్రం కత్తిరించవచ్చు. సముద్రంలో ఆడించి తెచ్చిన రోజున మంచినీటితో కడిగి, చెవుల లోపల, చంకల్లో, తోక మొదట్లో తడి లేకుండా తుడవండి. మీ ఊరి చెమ్మగాలిలో ఆ చోట్ల తడి నిలిస్తే ఒక్క రాత్రిలోనే పుండు లేస్తుంది.