సముద్రం లేని ఊళ్లో వేసవి వలస

ప్రశ్న: "సముద్రతీరాల్లో పక్షి పరిశీలన కేంద్రాలు ఉంటాయని, అక్కడ రోజూ పక్షులను లెక్కిస్తారని, వేసవిలో కూడా వలస నడుస్తూనే ఉంటుందని చదివాను. మాది నల్గొండ. ఇక్కడ వేసవిలో రోజూ వెళ్లి చూడదగినన్ని పక్షులు ఉంటాయా, లేక చలికాలం వచ్చేదాకా ఆగాలా?"

ఆగవలసిన పని లేదు. నన్నడిగితే, మన జిల్లాల్లో పక్షుల రాకపోకలు అర్థం కావాలనుకునేవారు మొదలుపెట్టవలసింది వేసవిలోనే. డిసెంబరులో చెరువు నిండా బాతులున్నప్పుడు ఎవరైనా చూస్తారు. ఆ బాతులు ఏ వారంలో వెళ్లిపోయాయో, వాటి వెనుక ఏ పక్షి వచ్చిందో చెప్పమంటే మాత్రం, మెడలో పెద్ద కెమెరాలు వేసుకుని కార్లలో వచ్చేవారిలో ఒక్కరూ నోరు మెదపరు. నేను నల్గొండకు దగ్గరలోని ఒక ఊళ్లో ఉపాధ్యాయురాలిని. మా ఊరి చెరువుకట్ట మీద ఏళ్ల తరబడి పొద్దున్నే నడుస్తున్నాను కాబట్టి, ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే హక్కు నాకు కొంత ఉందనే అనుకుంటున్నాను.

తీర కేంద్రాల గురించి మీరు చదివింది నిజమే. 1901లో యోహానెస్ థీనెమన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బాల్టిక్ తీరంలోని రొస్సిట్టెన్ అనే పల్లెలో మొట్టమొదటి కేంద్రాన్ని స్థాపించాడు. ఆ పల్లె ఇప్పుడు రష్యాలో ఉంది. ఒక పక్క సముద్రం, మరో పక్క విశాలమైన నీటి మడుగు, మధ్యలో సన్నని ఇసుక పట్టీ. నీటిమీదుగా ఎగరడానికి జంకే పక్షులన్నీ ఆ పట్టీ వెంబడే ఒత్తుకుంటూ పోవలసి వస్తుంది. బ్రిటన్‌లో 1933లో స్కోఖోమ్ దీవిలో మొదటి కేంద్రం వెలిసింది. మన వైపు చూస్తే, తమిళనాడు కోడియక్కరైలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు దశాబ్దాలుగా పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడుగుతున్నారు. సముద్రం దాటబోయే పక్షి దాటేముందు, దాటి వచ్చిన పక్షి వచ్చిన వెంటనే, మొనదేలిన నేల మీద వాలుతుంది కాబట్టి ఆ చోట్లను ఎంచుకున్నారు.

అయితే ఆ కేంద్రాల గొప్పతనమంతా సముద్రంలో ఉందని అనుకోవడం దగ్గరే మనవాళ్లు పొరబడుతున్నారని నా అభిప్రాయం. అక్కడ పనిచేసేవారు ప్రతిరోజూ ఒకే దారిలో, ఒకే వేళకు నడుస్తారు. సాయంత్రం కూర్చుని ఆనాటి లెక్కను పుస్తకంలో ఎక్కిస్తారు. కనిపించనివాటి గడిలో సున్నా వేస్తారు. ఆ సున్నా విలువ మనకింకా తెలిసిరాలేదు. ఒక పక్షి వచ్చిన రోజు, అదృష్టం కలిసివస్తే ఒక్కసారి చెరువుకు వెళ్లినవాడికి కూడా తెలుస్తుంది. అది వెళ్లిపోయిన రోజు తెలియాలంటే మాత్రం, ఆ తరువాతి రోజుల్లో కూడా వెళ్లి, లేదని రాసుకున్నవాడికే సాధ్యం. ఆదివారం పూట మాత్రమే పక్షులను చూసేవారి జాబితాల్లో రాకలు ఉంటాయి, పోకలు ఉండవు. ఈ పని చేయడానికి సముద్రం అక్కరలేదు, ఒక చెరువు చాలు. పైగా తీరంలో వేల పక్షుల మధ్య ఒక కొత్త పక్షిని వెతకాలి; ఎండిన చెరువులో మిగిలిన నాలుగు గుంటల పక్కన కొత్త పక్షి దిగితే, అది తనంతట తానే కంటబడుతుంది. నేర్చుకునేవారికి తీరంకన్నా చిన్న చెరువే మంచి బడి అని నేను వాదిస్తాను. కాదనేవారు ఒక్క వేసవి నాతో నడిచి చూడాలి.

ఏప్రిల్ రెండో సగంలో చెరువు శిఖంలో, అంటే నీరు తగ్గాక బయటపడే చెరువు నేలలో, తిరిగే ఉల్లంకి పిట్టలను (ఇంగ్లీషులో శాండ్‌పైపర్లు) గమనించండి. చలికాలమంతా మట్టిరంగులో ఉన్న వుడ్ శాండ్‌పైపర్ల వీపు మీద అప్పటికి తెల్ల చుక్కలు తేటగా విడివడతాయి. ప్రయాణానికి ముందు అవి తిండి తినే తీరు కూడా మారుతుంది. మనిషి దగ్గరికి వచ్చినా తొందరగా లేవవు. మే మొదటి వారాలు గడిచేసరికి అవి ఉత్తర దిక్కుకు వెళ్లిపోయి ఉంటాయి. మోదుగ పూల మీదా, బూరుగ చెట్ల మీదా గుంపులుగా వాలి తేనె తాగిన గులాబీ గోరింకలు కూడా దాదాపు అదే సమయానికి మధ్య ఆసియా గడ్డి మైదానాలకు మరలుతాయి. దక్షిణాదిన చలికాలం గడిపిన నవరంగ్ పిట్ట మే నెలలో రాత్రిపూట ప్రయాణిస్తూ, తెల్లవారేసరికి అలసి ఊరి మధ్యలోనే ఏ జామచెట్టు కిందనో దిగుతుంది. కాబట్టి మీ పెరట్లో ఆకుపచ్చ వీపు, తోక కింద ఎర్రని రంగు ఉన్న పొట్టి పక్షి కనిపిస్తే, దాన్ని పట్టుకుని ఫొటోలు తీయించుకోకుండా కాసేపు నీడలో వదిలేయండి. చీకటి పడ్డాక దాని దారిన అది పోతుంది.

రోహిణి కార్తె ఎండల్లో వలస పక్షులు తగ్గిన మాట వాస్తవమే. ఆ రోజుల్లో నేను తీతువులను చూస్తాను. శిఖం నేల మీద గులకరాళ్ల మధ్య పెట్టిన గుడ్లు ఎండకు ఉడికిపోకుండా తల్లి నీటిదాకా పరుగెత్తి, పొట్ట ఈకలను తడిపి, తిరిగి వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఎండ 45 డిగ్రీలకు చేరిన రోజున ఈ పని అది పదే పదే చేస్తుంది. మిరుగు (మృగశిర కార్తె) దగ్గరపడుతుండగా తుమ్మ చెట్ల మీద నలుపు తెలుపు రంగుల్లో, నెత్తిన కుచ్చుతో చాతక పక్షి పిలుపు మొదలవుతుంది. ఉత్తర భారతానికి చేరే చాతకాలు నైరుతి గాలుల సాయంతో ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వస్తాయి. దక్షిణాదిన ఏడాదంతా ఉండేవి కూడా ఉన్నాయి. మన తుమ్మ మీద కూర్చున్నది ఏ వైపుదో కంటితో చూసి తేల్చడం కుదరదు. అయినా దాని మొదటి పిలుపు వినిపించిన తేదీని రాసిపెట్టుకోండి.

ఇక అసలు చెప్పాలనుకున్నది జూలై సంగతి. ఒక సంవత్సరం వానలు వెనుకబడ్డాయి. మిరుగు నాడు చేపలు తినాలన్న ఆచారం పుణ్యమా అని జూన్ మొదట్లోనే వలలు వేసి చెరువును దాదాపు ఊడ్చేశారు; కాలువ నీళ్లూ రాలేదు. జూలై చివరి వారానికి చెరువులో బురద, తూము కింద ఊట వల్ల నిలిచిన ఒక మురికి గుంట మాత్రమే మిగిలాయి. తూము గోడ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న కాక ఒకాయన నన్ను చూసి, "టీచరమ్మా, కొంగలన్నీ వోయినయ్. ఇంక ఏం జూస్తున్నవ్?" అని అడిగాడు. "ఏమన్న వస్తదేమో అని, కాకా" అన్నాను. ఆయన నవ్వి మళ్లీ వల మీదికి వంగాడు.

గుంట అవతలి ఒడ్డున, గుర్రపుడెక్క ఎండి అట్టకట్టిన చోట ఒక పక్షి కదిలింది. మైనా అంత ఉంటుంది. వీపు ముదురు బూడిద, పచ్చదనం తగిలీ తగలనట్టున్న గోధుమ రంగు. పొట్ట సున్నం వేసినంత తెలుపు. రెండడుగులు నడిచి ఆగుతుంది, ఆగిన చోట వెనుకభాగాన్ని పైకీ కిందికీ ఊపుతుంది, ముక్కుతో నీటి అంచును తాకుతుంది. బైనాక్యులర్‌లోంచి చూస్తే రెక్కల ఈకల అంచులు అరిగి, చిరిగి ఉన్నాయి. అంటే అది ఈ ఏడు పుట్టిన పిల్ల కాదు; పిల్లలైతే కొత్త ఈకలతో నిగనిగలాడుతూ ఉంటాయి. నేను ఒక అడుగు ముందుకు వేశానో లేదో, "ట్లుయీట్, వీట్, వీట్" అని చెరువంతా మోగేలా అరిచి లేచింది. లేచినప్పుడు రెక్కల అడుగు నల్లగా, నడుము తళుక్కున తెల్లగా కనిపించాయి. ఆ రెండు గుర్తులూ కలిస్తే గ్రీన్ శాండ్‌పైపరే. వుడ్ శాండ్‌పైపర్ రెక్కల అడుగు అంత నల్లగా ఉండదు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే ఆ పొద్దుటి విలువ తెలుస్తుంది. ఉత్తర ఐరోపా, ఉత్తర ఆసియా అడవుల్లోని బురద నేలల దగ్గర, చెట్ల మీద ఇతర పక్షులు వదిలేసిన పాత గూళ్లలో ఇది గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎగరడం నేర్వకముందే తల్లి బయలుదేరుతుంది. మిగతా పెంపకం తండ్రి బాధ్యత. అందుకే ఐరోపా తీర కేంద్రాల వారు జూన్ నెలలోనే తిరుగు వలస మొదలైందని పుస్తకాల్లో రాసుకుంటారు. మన దేశానికి చలికాలపు అతిథులుగా చెప్పుకునే పక్షుల్లో అందరికన్నా ముందు చేరేవాటిలో ఇదొకటి. జూలై చివరికల్లా మన గుంటల్లో దిగుతుంది. ఆడ, మగ తేడా చూపుకు తెలియదు. అయినా మా తూము దగ్గరిది తల్లే అని నేను నమ్ముతున్నాను. అంత తొందరగా, ఒంటరిగా వచ్చిందంటే మరెవరవుతారు? ఈ కథంతా విన్న కాక వల పక్కన పెట్టి, "పిల్లలను మొగనికి అప్పజెప్పి వచ్చిందా? మంచి పని జేసింది" అన్నాడు. ఆ తరువాత నేను రాని రోజుల్లో ఆ పక్షి ఉందో లేదో చూసి చెప్పే బాధ్యత ఆయనే తీసుకున్నాడు. నాకు దొరికిన సహాయకుల్లో అంత నమ్మకమైనవారు మరొకరు లేరు. "తెల్ల నడుముది ఉన్నది, ఇంకోటి జత గూడింది" అని ఆయన చెప్పిన రోజును ఆయన మాట మీదే పుస్తకంలో రాశాను.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోకుండా ఉండలేను. మన పత్రికల్లోనూ టీవీల్లోనూ పెద్ద తెల్ల పక్షి ఏది కనిపించినా దాన్ని "సైబీరియా కొంగ" అనేస్తారు. నిజమైన సైబీరియా కొంగలు భరత్‌పూర్‌లో చివరిసారిగా 2002 నాటికి కనిపించి, మళ్లీ మన దేశంలో చలికాలం గడపడానికి రానేలేదు. మన ఊళ్ల చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి, తోక దగ్గర గులాబీ రంగు ఈకలుండే ఎర్రకాళ్ల కొంగలూ, నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలూ ఈ దేశంలో పుట్టి పెరిగినవే. నిజంగా సైబీరియా దాకా వెళ్లి వచ్చే పిడికెడు ఉల్లంకి పిట్టను మాత్రం ఎవరూ ఫొటో తీయరు, ఎందుకంటే అది చూడడానికి గొప్పగా ఉండదు.

రెండో బాధ చెరువుల అంచుల గురించి. పూడిక తీసి లోతు చేయడం రైతుకు మంచిదే, కాదనను. కానీ కొన్ని చోట్ల అంచును గోడలా నిటారుగా చెక్కి, రాళ్లు పరిచి, మీద దీపాలు పెట్టి అందం అంటున్నారు. ఉల్లంకి కాలు వేలెడు లోతు నీటిలో మాత్రమే నిలుస్తుంది. ఏటవాలు బురద అంచు లేకపోతే, చెరువు నిండా నీరున్నా దానికి దిగే చోటు ఉండదు. మా ఊళ్లో అలాంటి పని జరిగినప్పుడు, కనీసం వెనుక వైపు శిఖాన్ని ముట్టుకోవద్దని అడిగాము, సగం విన్నారు.

మీకు నల్గొండలో పానగల్లు ఉదయసముద్రం దగ్గరలోనే ఉంటుంది. మధ్యయుగంలో కందూరు చోళులు తవ్వించిన ఆ చెరువు ఇప్పుడు కృష్ణా నీటిని నిలువచేసే జలాశయం అయింది. అక్కడ నీటిమట్టం వానను బట్టి కాక పంపులను బట్టి మారుతుంది కాబట్టి, పక్షులతోపాటు నీటి అంచు ఎక్కడిదాకా ఉందో కూడా రోజూ రాయండి. లేకపోతే పక్షి రాకపోవడానికీ నీళ్లు ఎక్కువవడానికీ ఉన్న సంబంధం తరువాత తెలియదు. పాలమూరు వైపు వెళ్లే వీలుంటే కోయిలసాగర్, జూరాల ఉన్నాయి. అయితే రోజూ చూడడానికి అంత పెద్ద నీళ్లు పనికిరావు. నడిచి వెళ్లగలిగిన చెరువే సరైనది. 8x42 బైనాక్యులర్ ఒకటి, గీతల నోటుబుక్కు ఒకటి చాలు. పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైటులో జాబితా ఎక్కించడం మంచిదే, కానీ ముందు కాగితం మీద రాయండి, ఎండలో ఫోన్ తెర కనిపించదు. మేలో సూర్యుడు ఉదయించే వేళకు కట్ట మీద ఉండి, ఏడున్నరకల్లా ఇల్లు చేరండి. జూలై రెండో వారం నుంచి మత్తడి వైపు కాకుండా తూము కింది వైపు ముందుగా చూడండి. చేపపిల్లలు వదిలే రోజుల్లో మాత్రం మత్స్యకారుల సంఘం వారిని అడిగి శిఖంలోకి దిగండి. కొత్త మనిషి నీటి దగ్గర తిరిగితే వారికి అనుమానం వస్తుంది, ఆ అనుమానంలో న్యాయం కూడా ఉంది.