ఉద్దానం వెళ్లే ముందు

అమ్మలూ,

ఆశీస్సులు. కిడ్నీ జబ్బు మీద పరిశోధనకు, ఆ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన ప్రశ్నలు చదివాను. సగం నమ్మకాల గురించే: జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నారు, నాటు మందు వాడారా, మొక్కుకున్నారా అని. వాటిని తర్వాత అడుగు.

పాల్ ఫార్మర్ డాక్టరు, మానవశాస్త్రవేత్త కూడా. హైతీలో క్షయ రోగుల మధ్య పనిచేశాడు. చేతబడి వల్లే జబ్బు వచ్చిందని నమ్మినవాళ్లు కూడా మందులు సరిగ్గానే వేసుకున్నారు. ఇంటికొచ్చి చూసే కార్యకర్త, తిండికీ దారి ఖర్చులకీ చేతిలో కాస్త డబ్బు ఉన్నచోట జబ్బు నయమైంది.

అందుకే అక్కడి కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో డయాలసిస్‌కు వెళ్లే ఒకరిని అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఒక రోజంతా వెంట ఉండు. ఆటోకి ఎంతయింది, బస్సు ఎంతసేపటికి వచ్చింది, తోడొచ్చిన కోడలు జీడిపిక్కల పనిలో ఎంత కూలి పోగొట్టుకుంది, అన్నీ రాసుకో. మిషన్ మీద నాలుగు గంటలు. దిగాక కళ్లు తిరుగుతాయి, కాళ్లు పీకుతాయి, అప్పుడు మళ్లీ బస్సు. వారానికి రెండు మూడు సార్లు ఇదే. ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) డయాలసిస్ ఉచితం, 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10 వేలు చేశారు, 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. వాటి విలువ తగ్గించి రాయకు. ఇవన్నీ ఉన్నా ఒక మనిషి డయాలసిస్ ఎందుకు మానేస్తాడో ఆ ఒక్క రోజులోనే నీకు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ జబ్బు ముదిరేదాకా పెద్దగా బయటపడదు. బాగానే ఉన్న మనిషి పని మానుకుని, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షకు ఎందుకు వెళ్తాడు? ఒళ్లు నొప్పులొస్తే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికే వెళ్తాడు. అతనిచ్చే నొప్పి బిళ్లలు అదేపనిగా వాడితే కిడ్నీలకు చేటే. అయినా ఆర్ఎంపీని తిట్టి ఊరుకోకు. అర్ధరాత్రి తలుపు తీసేది, అప్పు పెట్టేది అతనే. అతని దగ్గరా కూర్చో.

కారణం ఏమిటని జనం నిన్నే అడుగుతారు. ఇంకా తేలలేదని ఉన్నమాట చెప్పు. రక్తం, నీళ్ల నమూనాలు తీసుకెళ్లినవాళ్లను అక్కడ చాలామందిని చూశారు, నీ మీద కోపం చూపించినా ఓర్చుకో.

థీసిస్ ఎప్పటికైనా అవుతుంది. ముందు డయాలసిస్ షిఫ్టుల వేళలూ బస్సుల వేళలూ పక్కపక్కన వేసి, తెలుగులో రెండు పేజీలు రాసి ఆసుపత్రి సూపరింటెండెంటుకీ డిపో మేనేజరుకీ ఇవ్వు. కాపీ నాకు పంపు, చూసిపెడతాను.

మీ పెద్దమ్మ