రాయగడలో షాపు అమ్మేసి హైదరాబాద్ వెళ్ళిపోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రాయగడలో మీ స్టేషనరీ షాపు బాగానే నడుస్తోంది. కానీ మీతో చదువుకున్నవాళ్ళంతా హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొన్నారు, వాట్సాప్ గ్రూపు తెరిస్తే రోజూ ఆ ఫోటోలే. ఊళ్ళో ఉండిపోయి వెనకబడిపోయానేమో అనిపిస్తోంది, అమ్మేసి నేనూ వెళ్ళిపోనా అని అడిగారు.

నాది పర్లాకిమిడి, మోటార్ వైండింగ్ షాపు. మా బావమరిది వైజాగ్‌లో సెటిలయ్యాడు. వచ్చినప్పుడల్లా షాపు ముందు కారాపి, "ఏటి బావా, ఇంకా ఈ వార్నిష్ కంపులోనే ఉంటావా?" అంటాడు. మంచివాడే, ప్రేమకొద్దీ అంటాడు. "ఈ కంపు లేకపోతే నాకు నిద్దరపట్టదురా బాబూ" అని నవ్వేస్తాను. కాబట్టి మీ టెన్షన్ నాకు కొత్తది కాదు.

పక్కవాళ్ళని చూసి నేర్చుకోవడమే తప్పంటే ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఉన్న మనం ఒక్కరోజు బతకలేం. చద్దన్నం మా నాయనమ్మ కాలం నుంచీ ఇంట్లో ఉన్నదే. అందులో నంజుకునే బడి చూరా మాత్రం పక్కింటి ఒడియావాళ్ళ నుంచి వచ్చింది. వేయించిన మినప వడియాల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి చేత్తో నలుపుతారు. వడియం మరీ పిండైపోకూడదు, పంటికింద కరకరమనాలి. అలాగే మార్గశిర లక్ష్మివారాలు మనకీ ఉన్నాయి, వాళ్ళకీ ఉన్నాయి. మా ఆవిడ వాకిట్లో మామూలు ముగ్గే వేస్తుంది. గుమ్మం నుంచి దేవుడి గది దాకా మాత్రం బియ్యం నానబెట్టి రుబ్బిన జారు పిండిలో వేలు ముంచి ఝోటి వేస్తుంది: వరి కంకులు, వాటి మధ్య లక్ష్మీదేవి పాదాలు. పక్కింటావిడ దగ్గర నేర్చుకుంది. దీన్ని కాపీ అంటే నేనొప్పుకోను. ఏళ్ళ తరబడి గోడకి ఇవతలా అవతలా బతికితే చేతికి అలవాటై వచ్చింది. ఇంటికి చుట్టం వచ్చినా రాకపోయినా ఆ పాదాలు పడతాయి.

ఫోన్‌లో ఫోటోలు చూసి పుట్టే కోరిక సంగతి వేరు. అందులో మాడ్యులర్ కిచెన్ కనిపిస్తుంది, ఈఎంఐ కనిపించదు.

మా పనిలో కాలిపోయిన మోటారు వస్తే, పాత తీగ పీకేముందు కాయిల్‌కి ఎన్ని చుట్లున్నాయో లెక్కపెడతాం. మైక్రోమీటర్‌తో తీగ గేజి చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాం. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఆ లెక్కపెట్టడమంటే బద్ధకం. "మొన్నే కదన్నా ఐదు హెచ్‌పీది చేశాం, అదే లెక్క వేసేద్దాం" అంటారు. ఐదు హెచ్‌పీయే కావచ్చు, కంపెనీ మారితే లోపలి ఇనప కోరు మారుతుంది, తీగ కూర్చునే స్లాట్లు మారతాయి. ఆ లెక్క దీనికి వేస్తే లోడు పడగానే వేడెక్కి మళ్ళీ కాలుతుంది, రైతు మళ్ళీ మన గుమ్మంలోనే ఉంటాడు. మీరు కూడా ముందు మీ లెక్క కాగితం మీద పెట్టండి. షాపు మీద నెలకి ఏమి మిగులుతోంది, అక్కడ అద్దెలకి ఏమి పోతుంది, అమ్మానాన్నలు వస్తామంటున్నారా, పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారు. మీ స్నేహితుల జీతాలు ఆ కాగితం మీద ఎక్కడా రాయకండి.

అలాగని వెళ్ళేవాళ్ళని తప్పుపట్టను. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళో రాజావారి స్కూల్లో మాస్టారు. పండితులంతా గ్రాంథికమే రాయాలంటుంటే జనం మాట్లాడే భాషే రాయాలని పోట్లాడారు. కొండల మీది సవరల భాష నేర్చుకుని, వాళ్ళకి ఆ భాషలోనే చదువు చెప్పాలన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. ఆ చేర్చడానికి ఎదురు నిలిచిన పంతులుగారు ఇక్కడ ఉండడం ఇష్టంలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. "అంతటాయనే వెళ్ళిపోతే నువ్వేటి ఉండిపోయావు" అని మా తాతని ఎవరో అడిగితే, "ఆయన భాష కోసం వెళ్ళారు. నాకు రావలసిన బాకీలన్నీ ఈ ఊళ్ళోనే ఉన్నాయి" అన్నాడట! నాకు ఆ ఇద్దరి మీదా గౌరవమే.

ఇంకో సంగతి. "నేను నాలాగే ఉంటాను" అని పట్టుబట్టి, కొత్తది కనబడితే చాలు అడ్డం పడే మనుషులు కూడా ఉంటారు, మా అన్నయ్య ఆ బాపతు. మా అమ్మాయి పెళ్ళికి ముందు ఫోటో షూట్ కావాలంటే "మన ఇళ్ళల్లో ఇదెక్కడి చోద్యం" అన్నాడు. పిల్ల ముచ్చటపడి అడిగింది. మహేంద్రతనయ ఒడ్డున తీయించుకుంటానంటే స్కూటర్ మీద నేనే దింపాను. అదే పిల్ల, ఈవెంట్ వాళ్ళు సంగీత్ ప్యాకేజీ చెప్పినప్పుడు "మనింట్లో డ్యాన్స్ వచ్చినవాళ్ళెవరు నాన్నా?" అని తనే వద్దంది. ఆ డబ్బు పెట్టి భోజనాల్లో ఛెనాపొడొ, అదే ఒడియావాళ్ళ కాల్చిన పన్నీరు మిఠాయి, వేయించాం. వైజాగ్ చుట్టాలు మారు అడిగి మరీ వేయించుకున్నారు, మా బావమరిది అందరికన్నా ముందు.

మీ విషయానికొస్తే, పిల్లల చదువో, పెద్దవాళ్ళ వైద్యమో కారణమైతే వెళ్ళండి, అందులో ఆలోచించడానికేమీ లేదు. కారణం ఆ వాట్సాప్ గ్రూపే అయితే ముందు దాన్ని మ్యూట్‌లో పెట్టి కొన్నాళ్ళు చూడండి. వెళ్ళాలనే తేలితే షాపు అమ్మకుండా అద్దెకివ్వడం కుదురుతుందేమో కనుక్కోండి, మెయిన్ రోడ్డు మీద ఒకసారి చేజారిన షాపు మళ్ళీ దొరకడం కష్టం. మీ ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారో ప్రశ్నలో రాయలేదు. అది కూడా రాస్తే నాకు తోచింది ఇంకొంచెం చెబుతాను.