గ్యారేజీ నేలకు ఎపాక్సీ: సొంతంగా వేసుకుంటే నిజంగా మిగిలేదెంత?

ప్రశ్న: మా గ్యారేజీలో రెండు కార్లు పడతాయి. నేల ఉత్త కాంక్రీట్. ఎంత ఊడ్చినా దుమ్ము లేస్తోంది, నూనె మరకలు పోవట్లేదు. ఎపాక్సీ కోటింగ్ (నేల మీద గట్టి పొరలా ఆరే రెజిన్ పూత) వేయిద్దామని కాంట్రాక్టర్‌ను పిలిస్తే మా అంచనాకు మూడు రెట్లు చెప్పాడు. కిట్, రోలర్లు, టేపు కొని నేనే వేసుకుంటే అందులో మూడో వంతుతో పనైపోతుంది. కిట్ మీద ఈ ఆదివారం వరకే ఆఫర్ ఉంది. క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టుకోవచ్చు, లేదంటే గృహరుణం మీద టాప్-అప్, అంటే అదే ఇంటి తాకట్టు మీద అదనపు అప్పు, ఇస్తామంటున్నారు. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. ఇద్దరు పిల్లలు. కారు లోన్ కూడా నడుస్తోంది. పొదుపు ఖాతాలో ఒక నెల ఖర్చులకు సరిపడా ఉంది, దాన్ని కదపదలచుకోలేదు. రెండింటిలో ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు.

ముందు ఆ పొదుపు ఖాతా సంగతి చూద్దాం. ఒక్క జీతం మీద నలుగురు బతికే ఇంట్లో నెల ఖర్చులకే డబ్బుంటే, జీతం ఆగిన రెండో నెలకే ఇంటి ఈఎంఐకీ కారు ఈఎంఐకీ చేయి చాచాల్సి వస్తుంది. దాన్ని కదపకూడదన్న మీ ఆలోచన మంచిదే. కానీ దాన్ని అలాగే ఉంచి అప్పు చేసినా కదిపినట్టే లెక్క. రేపు జీతం ఆగితే ఆ ఖాతాలోంచే కొత్త ఈఎంఐ కూడా పోవాలి. నిన్నటిదాకా 30 రోజులకు సరిపోయే డబ్బు అప్పుడు అన్ని రోజులు రాదు. మీరు రూపాయి తీయకుండానే మీ నిధి తగ్గిపోయింది.

మీ ప్రశ్నకు ఇంత వివరంగా జవాబివ్వడానికి కారణం, ఇదే పొరపాటు చాలామంది చేస్తున్నారు. వంటగది అలమరాలు, బాత్రూం టైల్స్, గోడల రంగు... పని ఏదైనా లెక్క ఒకటే: కాంట్రాక్టర్ ఇంత అడిగాడు, నేను చేసుకుంటే ఇంతే అవుతుంది, కాబట్టి ఇంత మిగిలింది. ఆ మిగిలిన సొమ్ము మనసులోనే జమ అవుతుంది. కాంట్రాక్టర్‌కు ఇవ్వాల్సిన డబ్బు మీ దగ్గర ఎప్పుడూ లేదు కదా, ఇక అందులో మిగిలేదేముంది? ఖాతాలో జరిగేదల్లా ఒక కొత్త అప్పు చేరడమే.

పైగా మీ మూడో వంతు లెక్క కూడా నిలబడదు. కాంట్రాక్టర్ ధర 100 అనుకుందాం, మీది 33. ఆ 33లో నేలను గరుకు చేసే డైమండ్ గ్రైండర్ అద్దె లేదు, దుమ్ము లాగే వాక్యూమ్ లేదు. నూనె మరకలు వదిలించే డీగ్రీజర్, పగుళ్లలో నింపే ఫిల్లర్, మాస్కు, కళ్లద్దాలు, పైన వేసే టాప్ కోట్ ఏవీ లేవు. ఎండ తగిలే చోట టాప్ కోట్ లేకపోతే ఎపాక్సీ పసుపెక్కుతుంది. ఇవన్నీ కలిపితే 33 దగ్గర ఆగదు. మీరే కాగితం మీద వేసి చూసుకోండి.

కాంట్రాక్టర్ అడిగే 100లో సరుకు, కూలితో పాటు ఇంకొకటి కూడా ఉంటుంది. పూత లేచిపోతే మళ్లీ వచ్చి వేసే పూచీ. (రాతపూర్వకంగా వారంటీ ఇస్తేనే సుమా. నోటిమాటకు విలువ లేదు.) మీరే వేసుకుంటే ఆ పూచీ మీ నెత్తిన పడుతుంది. దాన్ని మోయడానికి చేతిలో డబ్బుండాలి. ఇక్కడే అత్యవసర నిధి లేని వాళ్లు ఇరుక్కుంటారు. సరిగా అంటని పూత లేచిపోతే గృహబీమా కూడా సాధారణంగా పైసా ఇవ్వదు.

పూత ఎందుకు లేస్తుందో తెలిస్తే నా భయం మీకు అర్థమవుతుంది. కొత్తగా పోసిన కాంక్రీట్ అయితే కనీసం 28 రోజులు క్యూరింగ్ కావాలి. పాతదైతే అడుగు నుంచి తేమ వస్తూ ఉండొచ్చు. స్లాబ్ కింద తేమను ఆపే షీటు వేయకపోతే నేలలోని తడి కాంక్రీట్ గుండా పైకి ఎక్కి, గాలి ఆడని ఎపాక్సీ పొరను కింది నుంచి నెడుతుంది. అక్కడక్కడా బుడగలు వచ్చి, అవి పగిలి, అంచులు లేస్తాయి. నూనె ఇంకిన చోట పూత అసలు పట్టదు. నునుపుగా ఉన్న కాంక్రీట్‌ను గ్రైండింగ్ చేసి గరుకు చేయకపోతే పైపైన అంటుకుని ఉంటుంది, అంతే. అలాంటి నేల మీదికి దూరం తిరిగొచ్చిన కారు వచ్చి ఆగిందనుకోండి. వేడి టైర్ల కింద పూత మెత్తబడుతుంది, టైరు చల్లబడుతూ దాన్ని పట్టేస్తుంది. మర్నాడు కారు వెనక్కి తీస్తే నాలుగు టైర్లున్న చోట నాలుగు పెచ్చులు ఊడొస్తాయి.

అప్పుడు ఖర్చు ఎలా ఉంటుందో చూడండి. సగం ఊడిన పూత మీద కొత్త పూత వేస్తే అదీ ఊడుతుంది. పాతదంతా గీయించాలి. ఉత్త కాంక్రీట్‌ను గ్రైండ్ చేయడం కంటే ఎపాక్సీని గీయడం కష్టం, దానికి కాంట్రాక్టర్ వేరుగా అడుగుతాడు. అంటే మొదట పెట్టిన ఖర్చు పోయింది, గీయించే ఖర్చు వచ్చింది, ఆపైన కొత్త పూత. 33తో తేలుతుందనుకున్న పని 100 దాటుతుంది. ఇదంతా జరిగేటప్పటికి మొదటి కిట్ ఈఎంఐలు ఇంకా నడుస్తూనే ఉంటాయి.

పని మధ్యలో కూడా చేతిలో డబ్బు కావాలి. ఎపాక్సీ కిట్‌లో రెండు భాగాలుంటాయి: రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్. ఆ రెండూ కలిపిన క్షణం నుంచి టైం మొదలవుతుంది. చిక్కటి రకం అయితే అరగంట అటూ ఇటూ. కలిపిన దాన్ని బకెట్‌లోనే ఉంచి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి బకెట్ చేయి పెట్టలేనంత వేడెక్కి, లోపలిది రాయిలా గడ్డకడుతుంది. కలిపిన వెంటనే నేల మీద ధారలుగా పోసేసి రోలర్‌తో పరచాలి. మొదటిసారి చేసేవాళ్లకు ఒక బకెట్ ఇలా పాడవడం పెద్ద వింతేమీ కాదు. అప్పుడు సగం నేల పూతతో, సగం ఉత్తగా ఉంటుంది. ఇంకో కిట్ వెంటనే తేవాలి. వారం పది రోజులు ఆగితే ఆరిపోయిన అంచును మళ్లీ గరుకు చేస్తే తప్ప కొత్తది అంటదు, అతుకు కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కార్డు లిమిట్ మొదటి కిట్‌కే అయిపోయిన మనిషి ఆ రోజు ఏం చేస్తాడు?

ఇక మీరు చెప్పిన రెండు అప్పుల గురించి. కార్డు ఈఎంఐలో వడ్డీ లేదని చెప్పినా, రొక్కానికి వచ్చే తగ్గింపు పోతుందా, ప్రాసెసింగ్ ఫీజు ఉందా అని చూడండి. అది సరే, ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోయారనుకోండి. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది కానీ, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. చాలా కార్డుల్లో ఆ నెల కొనే కొత్త సరుకుల మీద కూడా వడ్డీ లేని గడువు పోతుంది.

టాప్-అప్ ఇంకా ఘోరం. నెలవారీ కట్టేది కొంచెమే కాబట్టి నొప్పి తెలియదు. 100 అప్పును 9 శాతం వడ్డీతో 15 ఏళ్లు కడితే మొత్తం 182 పైనే కట్టినట్టు. కార్లు తిరిగే నేల మీద పలచని పూత కొన్నేళ్లకే అరిగిపోతుంది. నేల మీద లేని పూతకు పదేళ్లు వాయిదాలు కట్టడానికి, దానికి తాకట్టుగా ఇల్లు పెట్టడానికి మీరెలా ఒప్పుకుంటారు? ఇంటి విలువ పెరుగుతుందని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మాట నమ్మి అప్పు చేయకండి.

మీరు చేయాల్సింది ఇది. 12 నెలలు ఈఎంఐ కట్టగలననుకున్నారు కదా, అంటే నెల నెలా అంత పక్కన పెట్టే శక్తి మీకుంది. అదే మొత్తాన్ని జీతం పడిన మర్నాడే వేరే ఖాతాకు మళ్లించండి. లక్ష్యం ఆరు నెలల ఖర్చులు. ఖర్చులంటే ఇంటి సరుకులు, ఫీజులతో పాటు రెండు ఈఎంఐలూ, బీమా ప్రీమియంలూ కలిపి. సంపాదించేది ఒక్కరే అయినప్పుడు ఆరు కంటే తగ్గడానికి నేను ఒప్పుకోను. ఆ డబ్బు ఒక్క రోజులో చేతికి వచ్చేలా ఉండాలి, ఎక్కువ రాబడి కోసం షేర్లలో పెట్టకండి. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా తప్ప సొంతంగా పాలసీ లేకపోతే అది కూడా గ్యారేజీ కంటే ముందే తీసుకోండి.

మూడు నెలల ఖర్చులు పోగయ్యాక, నెల నెలా దాచేదాంట్లో నాలుగింట మూడు వంతులు నిధికే వెళ్లనివ్వండి, ఒక వంతు గ్యారేజీ పేరున పెట్టుకోండి. గ్యారేజీ డబ్బులో ఒక కిట్ అదనంగా కొనగలిగేంత, పూత ఊడితే గీయించగలిగేంత చేరాకే పని మొదలుపెట్టండి. ఈలోపు కాంక్రీట్‌కు ఏమీ కాదు. కాలికి తగిలేంత పెద్ద పగుళ్లుంటే మాత్రం వాటి వరకు ఇప్పుడే రొక్కంతో పూడ్చుకోండి.

పని చేసే రోజున ఒంటి మీద జాగ్రత్త కూడా డబ్బు విషయమే. పొడి గ్రైండింగ్‌లో లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, గుడ్డ కట్టుకుంటే ఆగదు. యాసిడ్‌తో కడగాలనుకుంటే నీళ్లలో యాసిడ్ పోయాలి కానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఇంట్లో జీతం తెచ్చేది మీరొక్కరే, పది రోజులు మంచాన పడితే ఏమవుతుందో పైన చెప్పాను.

ఆఫర్ ఆదివారంతో అయిపోతే పోనివ్వండి. చవకగా వచ్చిందని ఇప్పుడే కొని దాచుకోకండి. రెజిన్‌కూ హార్డెనర్‌కూ గడువుంటుంది, డబ్బా మీద తేదీ ముద్రించి ఉంటుంది. పూత వేసే నెలలోనే కొనండి. ఆదివారం మాత్రం అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు ఒకటి తీసుకుని, గ్యారేజీ నేల మీద నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు షీటు లోపలి వైపు నీటి చుక్కలున్నా, కింద కాంక్రీట్ ముదురు రంగుకు తిరిగినా అడుగు నుంచి తేమ వస్తున్నట్టే. నూనె మరకలున్న చోట కాసిని నీళ్లు చల్లి చూడండి, ఇంకకుండా చుక్కలుగా నిలిస్తే అక్కడ పూత పట్టదు. ఈ రెండింటికీ ఖర్చేమీ లేదు. తేమ ఉందని తేలితే ఎపాక్సీ ఆలోచన మానేసి, కాంక్రీట్‌లోకి ఇంకి దుమ్మును తగ్గించే సిలికేట్ డెన్సిఫయర్ గురించి అడగండి. అది పైపొర కాదు కాబట్టి ఊడిపోదు. నూనె మరకలు ఆపదు కానీ, దుమ్ము బాధ చాలావరకు తీరుతుంది, ఖర్చూ తక్కువ.