అత్తగారి డిపాజిట్‌తో నెలకు నాలుగు రోజులు మనిషిని పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. పక్షవాతంతో కుడివైపు పడిపోయి మంచం పట్టిన మా అత్తగారిని రెండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఆమెకు 72 ఏళ్లు, మాట, జ్ఞాపకం బాగానే ఉన్నాయి, వృద్ధాప్య పింఛను 4,000 వస్తుంది. కుట్టుమిషన్ మీద నెలకు ఏడెనిమిది వేలు సంపాదించేదాన్ని, ఇప్పుడు రెండు వేలు కూడా రావడం లేదు. నెలకు నాలుగు రోజులు మనిషిని పెట్టుకుందామంటే పగలూ రాత్రీ కలిపి రోజుకు 1,200 అడుగుతున్నారు. అత్తగారి పేరున ఆరు లక్షల డిపాజిట్ ఉంది కానీ, దాన్ని ముట్టుకుంటే బంధువులు ఏమంటారోనని మావారి భయం. మరిదిది బెంగళూరులో ఉద్యోగం.

జవాబు: ఆ సొమ్ము మీ అత్తగారిది, ఆమె ఒప్పుకుంటే ఆమె సంరక్షణకే వాడటంలో తప్పేమీ లేదు. మీరు మీ విశ్రాంతి ఖర్చు అనుకుంటున్నది నిజానికి ఆమె వైద్య ఖర్చులో భాగమే. ఒంటిమీద పుండ్లు పడకుండా రాత్రిళ్లు కూడా రెండు గంటలకొకసారి పక్క మార్చే మీకే నడుము పట్టేస్తే, నెలంతా మనిషిని పెట్టడానికి మీరు చెప్పిన రేటు ప్రకారమే 36,000 అవుతుంది. మిషన్ మీద పోతున్న ఐదారు వేలను మీ ఇంట్లో ఎవరూ ఖర్చుగా రాసుకోవడం లేదని కూడా నా అనుమానం.

అసలును ఖర్చు చేయాల్సిన పనిలేదు, వడ్డీ ఎక్కువ వచ్చేచోటికి మారిస్తే చాలు. అరవై దాటినవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పొదుపు పథకం, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెరిగింది. ఆ రేటున ఆరు లక్షలకు మూడు నెలలకొకసారి 12,300, అంటే నెలకు 4,100 చేతికొస్తుంది. ఖాతా తెరిచిన నాటి రేటే ఐదేళ్లూ వర్తిస్తుంది కనుక, తెరిచే ముందు ఆ త్రైమాసికం రేటు చూసుకోండి. ఇప్పుడున్న డిపాజిట్‌ను గడువుకు ముందే రద్దు చేస్తే బ్యాంకు వడ్డీలో కోత పెడుతుంది, గడువు దగ్గరపడి ఉంటే ఆగండి.

సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్రను బ్యాంకు అంగీకరిస్తుంది. దానికి ఇద్దరు సాక్షులు ఉండాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. డెబ్బై దాటినవారికి ఇంటివద్దే సేవలందించాలని రిజర్వు బ్యాంకు సూచించింది కనుక బ్రాంచిలో అడగండి. ఖాళీ ఫారం మీద మాత్రం ముద్ర వేయించవద్దు, రేపు బంధువులు వేలెత్తి చూపేది దాన్నే.

ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 పింఛను ఉంది. ప్రభుత్వాసుపత్రి వైద్యుల ధ్రువీకరణతో వృద్ధాప్య పింఛనును దానికి మార్చుకునే వీలు గురించి వార్డు సచివాలయంలో విచారించండి. మంజూరైతే అదనంగా వచ్చేది 11,000, కానీ చేతికందేదాకా దాన్ని లెక్కలో కలుపుకోవద్దు.

ఇక మీవారి భయం. అత్తగారి రాబడికి, ఖర్చుకు వేరే పుస్తకం పెట్టి, మనిషికి ఇచ్చే డబ్బు ఫోన్‌పే ద్వారానే ఇచ్చి, నెలాఖరున ఆ పేజీ ఫొటో మరిదికి పంపండి. నాలుగు రోజులకయ్యే 4,800లో వడ్డీ పోను తగ్గే 700 ఆయన ప్రతి నెలా పంపాలని ఇప్పుడే అడగండి. డబ్బు కాదు, తానే వచ్చి చూసుకుంటానంటే ఇంకా మంచిది, అయితే ఏ తేదీల్లో వస్తారో ముందుగానే చెప్పించుకోండి.